గ్రామఫోను ముల్లు – దాని అరుగుదల, సంరక్షణ

నల్లగొండ జిల్లాలో, హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటమీద నకిరేకల్ ఉన్నది. దాని చుట్టుపట్ల ఎర్రచల్క నేలలు విస్తారముగ కలవు. వేసవిలో గాలి లేచినచో కిటికీ చువ్వలమీదను, బీరువామీదను, మూసియుంచిన పెట్టె మూతమీదను సన్నని ఎర్రదుబ్బ పొరగా పేరుకొనును. ఉదయము తుడిచినచోట సాయంకాలమునకు మరల వచ్చి చేరును. ఇంటి సామానులలో పెక్కింటికి ఈ దుబ్బవలన కలుగు నష్టము స్వల్పము. ఒక గుడ్డతో తుడిచిన సరిపోవును. కాని ఒక్క వస్తువు మాత్రము దీనికి మిక్కిలి జంకవలసియున్నది. అది అటకమీద పెట్టెలోనున్న పాత గ్రామఫోను రికార్డు.

ఈ ప్రాంతపు ఊళ్ళలో ఒకప్పుడు పెండ్లిపందిరి వేసిన ఇంట మైకు కట్టి పాటల రికార్డులు మ్రోగించెడివారు. టూరింగు టాకీసులవారు ఆట మొదలగుటకు ముందు అదే పని చేసెడివారు. 1980 దశకమున కాసెట్ల వాడుక పెరిగిన పిమ్మట రికార్డులు, వానిని పాడించు యంత్రములు అటకలెక్కినవి. ఇప్పుడవి మరల క్రిందికి దిగుచున్నవి. కొత్తవి తయారగుచున్నవి కూడ. అమెరికాలో 2022వ సంవత్సరమున సి.డి.లకంటె వినైలు రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయినవి. 1987 తరువాత అట్లు జరుగుట అదియే మొదటిసారి.

పాత పెట్టె దించినపుడు ఎవరికైనను మొదట కలుగు కోరిక ఒక్కటే: ఒక రికార్డు తీసి, యంత్రముమీద పెట్టి, ముల్లు ఆనించి వినవలెనని. ముప్పది నలువది ఏండ్లుగ కదలని రికార్డు. అంతకాలముగ ఎవరును చూడని ముల్లు. ఆ మొదటి ఆటయే ఆ రికార్డుకు కడపటి మంచి ఆట కావచ్చును. అట్లేల జరుగునో తెలియవలెనన్న ముందు ఒక చిన్న ప్రశ్నకు సమాధానము వెదకవలెను: ముల్లును, రికార్డును ఒకదానినొకటి ఒరసికొనునపుడు, ఆ రెంటిలో ఏది అరుగవలెను?

గాడిలో దాగిన ధ్వని

ధ్వని యనగా కంపనము. పాటగాని కంఠమునుండి వెలువడిన కంపనము గాలిద్వారా ప్రయాణించి ఒక పలుచని పొరను తాకినచో ఆ పొరయు అట్లే కంపించును. ఆ కదలికను ఒక మొనద్వారా మెత్తని పదార్థముమీద గీయించినచో ధ్వనికి ఒక జాడ ఏర్పడును. అదే జాడవెంట మరియొక మొనను నడిపించినచో కంపనము మరల పుట్టి ధ్వనిగా వినబడును. 1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫునకు ఇదియే ఆధారము. ఆయన ధ్వనిని ఒక స్తంభమునకు చుట్టిన తగరపు రేకుమీద గీయించెను. పది సంవత్సరముల తరువాత, 1887లో, ఎమిలి బెర్లినర్ స్తంభమునకు బదులు బల్లపరుపు పళ్ళెమును వాడెను. ఎడిసన్ యంత్రములో జాడ మిట్టపల్లములుగ ఉండును. బెర్లినర్ గాడి కుడియెడమలకు వంకరలు తిరుగును. గ్రామఫోను రికార్డు ఈ బెర్లినర్ పళ్ళెమునుండి పెరిగినదే.

రికార్డుమీద కనబడు సన్నని వలయములు వేర్వేరు వలయములు కావు. ప్రతి ప్రక్కను ఉన్నది ఒకే ఒక గాడి. అది అంచువద్ద మొదలై చుట్లు చుట్టుకొనుచు నడిమివైపు పోవును. ముల్లు ఆ గాడిలో నడచుచు దాని వంకరలన్నిటిని అనుసరించును. కావున ముల్లునకు రెండు పనులు కలవు. మొదటిది, గాడిలోని అతి సూక్ష్మమైన వంకరను కూడ విడువక తెలిసికొనుట. రెండవది, తెలిసికొనునపుడు ఆ వంకరను చెరుపకుండుట. ముల్లు చరిత్రయంతయు ఈ రెండు పనులను పొసగించు ప్రయత్నమే.

అరుగుట ముల్లు వంతైన కాలము

నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగు పాత రికార్డులను ‘ప్లేట్లు’ అని కూడ పిలిచెడివారు. వీనిని ముఖ్యముగ లక్కతో చేసిరి. మోదుగ, రేగు మున్నగు చెట్లకొమ్మలమీద ఒక చిన్న కీటకము స్రవించు పదార్థమే లక్క. శుద్ధిచేసిన లక్కలో పలకరాయి పొడి, బెరైటీసు వంటి ఖనిజపు పొడి, నల్లరంగునకు మసి కలిపి, వేడిచేసి, అచ్చులలో ఒత్తెడివారు. అనగా అట్టి రికార్డులో లక్క బంధకము మాత్రమే. అందలి మోటుదనము రాతిపొడిది.

ఆ రాతిపొడి ఊరక కలుపబడినది కాదు. నాటి యంత్రములో సౌండుబాక్సు బరువు వంద గ్రాములకు పైబడి ఉండెడిది. అంత బరువుతో ఉక్కుముల్లు గాడిలో నడచినపుడు రెంటిలో ఒకటి అరుగక తప్పదు. రికార్డు అరిగినచో పాట పోవును. ముల్లు అరిగినచో మరియొక ముల్లు పెట్టుకొనవచ్చును. కావున ముల్లునే అరుగనిచ్చిరి. మొదటి కొన్ని చుట్లలోనే రాతిపొడి ఉక్కుమొనను సానబట్టి, గాడి ఆకారమునకు సరిపోవునట్లు మలచును. ఒక ప్రక్క పాడుట ముగియునప్పటికి ఆ మొన అరిగి ఉలివలె పదునైన అంచులు తేలును. దానితోనే రెండవ ప్రక్క పాడించినచో ఆ అంచులు గాడిని చెక్కివేయును. అందుచేతనే, రికార్డు ఒక ప్రక్కకు ఒక ముల్లు అను నియమము ఏర్పడినది. చిన్న రేకుడబ్బీలలో వందలకొలది ముళ్ళను అమ్ముటకు కారణమిదే. ఇంకను మెత్తనిది కావలెనని కొందరు వెదురు పుల్లలను, చెట్ల ముళ్ళను గూడ చెక్కి వాడిరి. అట్టి చోట తెలుగువారు వాడు ‘ముల్లు’ అను మాట అక్షరాల సార్థకము.

ఆ కాలమున ముల్లు సంరక్షణ అను సమస్యయే లేదు. వాడుట, పారవేయుట, అంతే. ఒకే ముల్లుతో పది రికార్డులు పాడించిన పొదుపరి ముల్లునకు కొద్ది పైసలు మిగిల్చి, రికార్డులను పాడుచేసికొనెను.

వంతులు తారుమారగుట

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ఎల్.పి. రికార్డును వెలువరించినది. దీనిని లక్కతో గాక వినైలు అను ప్లాస్టిక్కుతో చేసిరి. ఇందు రాతిపొడి లేదు. ఉపరితలము నునుపుగ ఉండుటచే చిరచిరధ్వని తగ్గినది. గాడి సన్నమగుటచే ఒక ప్రక్కన మూడు నాలుగు నిమిషములకు బదులు ఇరువది నిమిషములకు పైగ సంగీతము పట్టినది. భారతదేశమున మాత్రము 78 రికార్డులు 1960 దశకములో కూడ తయారగుచునే వచ్చినవి. బీటిల్స్ పాటలు సైతము ఇచట 78 రికార్డులపై వెలువడినవి. కావున తెలుగునాట ఒకే పెట్టెలో ఘంటసాల పద్యముల లక్క రికార్డును, ఆయన భగవద్గీత ఎల్.పి.యు ప్రక్కప్రక్కన కనబడుట వింత కాదు.

వినైలు మెత్తనిది, ఉక్కుముల్లు దానిమీద పనికిరాదు. దానికొరకు ముల్లు మొనను నీలమణితో గాని, వజ్రముతో గాని చేసిరి. ఖనిజముల కాఠిన్యమును పోల్చు మోస్ మాపకములో నీలము 9, వజ్రము 10. వజ్రముకంటె కఠినమైన ఖనిజము లేదు. ప్రపంచమునకు తొలుదొల్త వజ్రములనిచ్చిన నేలలలో కృష్ణాతీరము ఒకటి. కొల్లూరు గనులు ఆ తీరమునందే ఉండెడివి. నేడు ముల్లు కొనకు వాడునది ఆభరణములకు వాడు వజ్రము కాదు; పరిశ్రమలకు వాడు వజ్రపు తునుక.

ఇచ్చట వంతులు తారుమారైనవి. లక్క రికార్డు కఠినము, ఉక్కుముల్లు దానికి లొంగును. ఎల్.పి.లో ముల్లు అన్నిటికంటె కఠినము, రికార్డు మెత్తన. ముల్లు చెడినచో దాని ఫలితమును అనుభవించునది రికార్డే. కావున నాడు పారవేయుటయే సంరక్షణ కాగా, నేడు కనిపెట్టి చూచుకొనుట సంరక్షణ అయినది.

ఆ మొన ఎంత చిన్నదో అంకెలలో చూడదగును. 78 రికార్డునకు తగిన ముల్లు కొన సుమారు 65 నుండి 75 మైక్రోమీటర్ల వ్యాసార్ధము గల గుండ్రన. మైక్రోమీటరనగా మిల్లీమీటరులో వెయ్యవ భాగము. స్టీరియో ఎల్.పి.కి వాడు గుండ్రని కొన వ్యాసార్ధము సుమారు 18 మైక్రోమీటర్లు మాత్రమే. తలవెండ్రుక మందము దాదాపు 70 మైక్రోమీటర్లు. ఈ కొన గాడి అడుగును తాకదు. గాడి రెండు గోడలమీద మాత్రమే ఆనుకొని నడచును.

ముల్లుమీద 2 గ్రాముల బరువు ఉంచినారనుకొందురు గాక. బలము సుమారు 0.02 న్యూటను. గాడి గోడలు రెండును 45 డిగ్రీలు వాలియుండుటచే ఒక్కొక్క గోడమీద పడు బలము సుమారు 0.014 న్యూటను. గోడను తాకు చోటు దాదాపు 4 మైక్రోమీటర్ల వ్యాసార్ధము గల వృత్తమని తీసికొనినచో దాని వైశాల్యము సుమారు 50 చదరపు మైక్రోమీటర్లు. బలమును వైశాల్యముచే భాగించినచో పీడనము చదరపు మీటరునకు 28 కోట్ల న్యూటనులగును. ఇది వాతావరణ పీడనమునకు సుమారు 2800 రెట్లు. రెండు గ్రాములు స్వల్పమైన బరువే. కాని అది నిలుచు చోటు అంతకంటె స్వల్పము. వినైలు సాగుగుణము గలది గనుక, మొన నునుపుగ ఉన్నంతవరకు, ఈ ఒత్తిడికి క్షణకాలము నొక్కుకొని మరల పూర్వస్థితికి వచ్చును. మొన నునుపుగ లేకున్నను, మధ్యలో మరియొక కఠినవస్తువు చేరినను అట్లు జరుగదు. ఆ కఠినవస్తువే దుబ్బ.

దుబ్బలోని పలుగురాయి

నకిరేకల్ ప్రాంతపు ఎర్రచల్కలు నల్లరాతి, గట్టురాతి బండలవంటి గ్రానైటు జాతి శిలలు యుగముల తరబడి శిథిలమై ఏర్పడినవి. గ్రానైటులో ముఖ్యముగ ఫెల్డుస్పారు, పలుగురాయి, అభ్రకము ఉండును. ఫెల్డుస్పారు ఎండకు వానకు క్రమముగ బంకమన్నుగ మారిపోవును. పలుగురాయి మాత్రము మారదు. చిన్న చిన్న రేణువులై మిగిలిపోవును. మోస్ మాపకములో దాని కాఠిన్యము 7. కిటికీ అద్దపు కాఠిన్యము ఐదు, ఆరింటి నడుమ ఉండును. వినైలు వీనియన్నిటికంటె ఎంతయో మెత్తన.

దీనిని బడిలో సులభముగ పరీక్షింపవచ్చును. పిడికెడు చల్కమట్టిని గ్లాసుడు నీటిలో కలిపి, ఒక నిమిషము నిలువనిచ్చి, పైనున్న బురదనీటిని పారబోయవలెను. నాలుగైదుసార్లు ఇట్లు చేసినచో అడుగున మెరయు ఇసుకరేణువులు మిగులును. వానిని రెండు పాత గాజుపలకల నడుమ ఉంచి మెల్లగ రుద్ది, కడిగి, వెలుతురునకు ఎదురుగ చూచినచో గాజుమీద గీతలు కనబడును. అంచులు కోసుకొనకుండ పలకల చుట్టును కాగితపు పట్టీ అంటించుట మంచిది. అద్దమునే గీయు రేణువు వినైలును ఏమిచేయునో విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

దుమ్ము గాడిలోనికి తనంతట వచ్చి పడుటయే గాక రికార్డుచేత ఆకర్షింపబడును కూడ. వినైలు విద్యుద్బంధకము. కాగితపు తొడుగునుండి తీయునపుడును, పొడిగుడ్డతో రుద్దునపుడును దానిమీద స్థిరవిద్యుత్తు పుట్టును. తలదువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగునట్లు రికార్డు దుమ్మును లాగికొనును. గాలి పొడిగనుండు చలికాలమునను, ఎండకాలమునను ఇది హెచ్చు, వానకాలమున తక్కువ.

ముల్లు గాడిలో నడచునపుడు చీపురువలె ఈ దుమ్మునంతయు ముందుకు త్రోయుచు పోవును. కొంత నూలుపోగులతోను, చేతిజిడ్డుతోను కలసి వజ్రము చుట్టును పేరుకొనును. ఆ ముద్ద పెరిగిన కొలది మొన గాడి గోడలనుండి కొద్దికొద్దిగ పైకి లేచును. మొదట సన్నని హెచ్చుస్థాయి ధ్వనులు తగ్గును. పిదప పాటయంతయు దుప్పటి కప్పుకొని పాడినట్లు మందమగును. కడకు ముల్లు గాడి తప్పి జారిపోవును. పలుగురేణువు వజ్రమునకును గోడకును నడుమ చిక్కినచో గోడలో గుంట పడును. అది తరువాతి ప్రతి ఆటలోను ‘టిక్కు’మని వినబడును. ఆ గుంటను పూడ్చు ఉపాయము లేదు.

ఇచ్చట ఒక చిన్న పరిశీలన ఉపయోగపడును. ఎల్.పి. ఒక చుట్టు తిరుగుటకు 1.8 సెకండ్లు పట్టును. 78 రికార్డునకు సుమారు 0.77 సెకండు. ‘టిక్కు’మను శబ్దము సరిగ ఇంత వ్యవధితో మరల మరల వచ్చినచో పెక్కు గాడులకు అడ్డముగ గీత పడినదని అర్థము. అట్లు గాక, పాట నడచిన కొలది గరగర హెచ్చుచు, ముల్లు తుడిచినంతనే పోయినచో దోషము ముల్లుమీది దుమ్మునదే.

ముల్లును శుభ్రపరచు విధము

వజ్రపు తునుక ఒక సన్నని కాడ చివర అతికింపబడియుండును. ఆ కాడ వెనుకకొన మెత్తని రబ్బరులో అమరియుండును. వజ్రము ఎంత గట్టిదో కాడ అంత సుకుమారమైనది. శుభ్రపరచుటలో ముళ్ళు చెడుట తరచుగ కాడ వంగుటవలననే. కావున ఈ క్రింది పద్ధతిని తప్పక పాటింపవలెను.

మొదట యంత్రమును ఆపి, ధ్వనిని పూర్తిగ తగ్గింపవలెను. లేనిచో కుంచె తాకినపుడు పుట్టు పెద్దచప్పుడు లౌడుస్పీకరునకు హాని చేయును. చేతిని దాని ఆధారముమీద నిలిపి, నీటిరంగులకు వాడు మెత్తని సన్నకుంచెను పొడిగ తీసికొని, వెనుకనుండి ముందుకు, అనగా కాడ మొదటినుండి కొనవైపునకు, ఒకటి రెండుసార్లు మెల్లగ తుడువవలెను. రికార్డు తిరుగునపుడు గాడి ముల్లుక్రింద కదలునదియు ఈ దిశలోనే. కాడ ఆ లాగుడును తట్టుకొనునట్లే అమర్చబడినది. ముందునుండి వెనుకకు గాని, అడ్డముగ గాని తుడిచినచో కాడ వంగవచ్చును, ఊడిరావచ్చును.

వ్రేలితో తుడుచుట అందరికిని వచ్చు అలవాటు. అది రెండు విధముల చెరుపు: వ్రేలిబలము కాడకు హెచ్చు, వ్రేలిజిడ్డు క్రొత్త దుమ్మును పట్టియుంచు జిగురు. నోటితో ఊదుటయు తగదు. తుంపరలు పడి దుమ్ము గట్టిపడును. ఇట్లు పొడికుంచెతో ప్రతి రికార్డు ప్రక్కకు ముందు ఒకసారి తుడుచుట చాలును. రికార్డును గూడ మెత్తని కుంచెతో గాడి చుట్టు వెంటనే, ఒత్తకుండ తుడువవలెను. రికార్డు శుభ్రముగ లేక ముల్లొక్కటి శుభ్రముగ ఉండుట కాళ్ళు కడిగికొని బురదలో నడచినట్లే.

స్పిరిటు, లక్క, బోరునీరు

పొడికుంచెకు లొంగని గట్టిమట్టి కొందరి ముళ్ళమీద ఉండును. అపుడు కుంచె కొనను ఐసోప్రొపైలు ఆల్కహాలులో ముంచి, పిండి, దాదాపు ఆరినదానితో వజ్రమును మాత్రము తాకవలెను. ద్రవము కాడవెంట ప్రాకి పైకి పోరాదు. వజ్రమును పట్టియున్న జిగురు సడలవచ్చును, రబ్బరు గట్టిపడవచ్చును. తయారుచేసినవారు ద్రవము కూడదని చెప్పియున్నచో వారి మాటయే పాటింపవలెను. ఆల్కహాలు మండు పదార్థము గనుక దీపమునకు దూరముగ ఉంచవలెను.

78 రికార్డుల విషయమున మరింత జాగరూకత అవసరము. లక్క ఆల్కహాలులో కరగును. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరగించియే కొయ్యసామానునకు మెరుగు పెట్టుదురు. ఆ గుణమే ఇచ్చట ప్రమాదము. స్పిరిటు గుడ్డతో లక్క రికార్డును తుడిచినచో దుమ్ముతోపాటు గాడి గోడయు, దానిలోని పాటయు కరగిపోవును. ముల్లునకు స్పిరిటు వాడినను అది పూర్తిగ ఆరినపిమ్మటనే లక్క రికార్డుమీద ఉంచవలెను.

రికార్డులను కడుగుటకు బోరునీరు పనికిరాదు. నల్లగొండ భూగర్భజలమనగానే అందరికిని ఫ్లోరైడు గుర్తుకు వచ్చును గాని, ఇచ్చట చిక్కు దానితో కాదు. నీటిలో కరిగియున్న కాల్షియము మున్నగు లవణములు, నీరు ఆరిన పిదప తెల్లని పొరగా గాడిలో మిగిలిపోవును. కాచిన గిన్నె అడుగున పేరుకొను గారయు ఇట్టిదే. వినైలు రికార్డులను స్వేదనజలముతో, దానిలో మృదువైన సబ్బుద్రవము ఒక్క చుక్క మాత్రము కలిపి తుడిచి, మరల ఉత్త స్వేదనజలముతో తుడిచి, నీడన నిలువుగ ఆరబెట్టవలెను. లక్క రికార్డులను నానబెట్టరాదు; తడిగుడ్డతో త్వరగ తుడిచి వెంటనే పొడిగుడ్డ అద్దవలెను.

బరువు తగ్గించినచో మేలా?

ముల్లుమీద బరువు ఎంత తక్కువయైన రికార్డునకు అంత మేలని పెక్కుమంది తలంతురు. ఇది పొరబాటు. గాడి వంకర వేగముగ తిరిగినపుడు తేలికయైన ముల్లు గోడను విడిచి ఎగిరి, మరల వచ్చి గోడను మొత్తును. ఆ మొత్తుడు నిలుకడగ ఆను బరువుకంటె ఎక్కువ హానికరము. బరువు మరీ హెచ్చినను రెండును త్వరగ అరుగును. కార్ట్రిడ్జి తయారుచేసినవారు చెప్పిన అవధిలోనే ఉంచవలెను. నేటి పెక్కు అయస్కాంత కార్ట్రిడ్జులకు ఇది ఒకటిన్నర, రెండు గ్రాముల ప్రాంతమున ఉండును; పాతకాలపు సెరామిక్ కార్ట్రిడ్జులకు మూడునుండి ఐదు గ్రాములు కావలెను. చేతి వెనుకనున్న ప్రతిభారమును జరిపి దీనిని సరిచేయుదురు. తులాదండ సూత్రము బోధించునపుడు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. కంసాలివారు వాడువంటి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుమీద ముల్లును మెల్లగ ఆనించి బరువు చూడవచ్చును. త్రాసు తట్ట ఇనుముది కారాదు. కార్ట్రిడ్జిలోని అయస్కాంతము దానిని ఆకర్షించి లెక్క తప్పించును.

రికార్డునకు తగిన ముల్లునే వాడుట అన్నిటికంటె ముఖ్యము. పాత యంత్రములలో కొన్నింటికి రెండు మొనలు ఉండును. చిన్న మీట త్రిప్పి ఒకటి 78కిని, మరియొకటి ఎల్.పి.కిని వాడెడివారు. మీట మరచి ఎల్.పి. మొనను 78 గాడిలో ఉంచినచో అది దుమ్ము పేరుకొనియున్న అడుగుభాగమున ఈడ్చుకొనిపోవును. 78 మొనను ఎల్.పి.మీద ఉంచినచో అది గాడిలో ఇముడక పై అంచులను చెరిపివేయును. కీ ఇచ్చి త్రిప్పు పాత గ్రామఫోనుమీద ఎల్.పి.ని ఎన్నడును పెట్టరాదు; వంద గ్రాముల బరువుతో ఉక్కుముల్లు ఒక్క ఆటలోనే దానిని దున్నివేయును.

ముల్లు ఎప్పుడు మార్చవలెను?

ఎంత శుభ్రముగ ఉంచినను వజ్రము సైతము అరుగును. ఒక ఎల్.పి. ప్రక్కన ఇరువది నిమిషములలో రికార్డు 667 చుట్లు తిరుగును. సగటున ఒక్కొక్క చుట్టు పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. కావున ముల్లు ఒక ప్రక్కను ముగించుటకు 430 మీటర్లు నడచును. ఐదువందల గంటలు పాడించినచో ఆ నడక 640 కిలోమీటర్లు దాటును. నకిరేకల్ నుండి హైదరాబాదునకు మూడుసార్లు పోయివచ్చినంత దూరము. అంతదూరము, వేలరెట్ల వాతావరణ పీడనముతో, తరచుగ పలుగురేణువులు కలిసిన బాటలో. అందుచేతనే మంచి వజ్రపు మొన ఆయువు సాధారణముగ ఐదువందల నుండి వేయి గంటల వరకని చెప్పుదురు. నీలపు మొన అందులో పదియవ వంతైనను నిలుచుట కష్టము. పాత యంత్రములోని ముల్లు నీలపుదో వజ్రపుదో తెలియనిచో అది నీలపుదనియే తలచి మార్చుట క్షేమము.

అరిగిన ముల్లు జాడ మొదట రికార్డు లోపలి చుట్లలో తెలియును. అంచువద్ద గాడి సెకండునకు సుమారు 51 సెంటీమీటర్ల వేగముతో కదలును. నడిమివద్ద ఆ వేగము 21 సెంటీమీటర్లకు తగ్గును. సెకండునకు పదివేల కంపనములు గల ధ్వనికి అంచువద్ద ఒక తరంగము 51 మైక్రోమీటర్ల పొడవున పరచుకొనును. నడిమివద్ద 21 మైక్రోమీటర్లలోనే ఇరుకుకొనవలెను. అరిగి చదునైన మొన ఆ ఇరుకు మలుపులలో దూరలేదు. వానిని కోసికొని పోవును. పాటలోని స, శ, ష అక్షరములు చీలినట్లు, ఉమ్మి చిందినట్లు వినబడినచో ముల్లును వెంటనే ఆపవలెను.

చెవికంటె ముందు కంటితో తెలిసికొనుట ఉత్తమము. ఉన్నతపాఠశాల ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని ఇందుకు చాలును. విడదీయుటకు వీలైన ముల్లునైనచో బయటకు తీసి, గాజుపలకమీద చిన్న మట్టిముద్దలో నిలిపి, ప్రక్కనుండి వెలుతురు పడనిచ్చి, వందరెట్లు పెద్దదిగ చూడవలెను. మంచి మొనమీద వెలుగు చిన్న చుక్కవలె మెరయును. అరిగిన మొనకు రెండు ప్రక్కల రెండు చదునైన మెరుపుమచ్చలు కనబడును. ఆ మచ్చల అంచులే కత్తులు. అట్టి ముల్లును ఇంకొక్క రికార్డుమీద కూడ ఉంచరాదు.

పెట్టె దించిన నాడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టమైనది. అరుగవలసినది ఎప్పుడును ముల్లే, రికార్డు కాదు. ముల్లు డబ్బునకు దొరకును. 78 రికార్డులమీద వెలువడిన నాటక పద్యములు, హరికథలు, బుర్రకథలు, జానపద గేయములు ఎన్నో తరువాత మరల ముద్రింపబడలేదు. ఏ ఊరి పెట్టెలోని ఏ రికార్డు ఆ పాటకు మిగిలిన కడపటి ప్రతియో ముందుగ చెప్పుట కష్టము. అచ్చుపుస్తకమును వందమంది చదివినను అక్షరము చెరగదు. రికార్డును మాత్రము విన్న ప్రతిసారియు ముల్లు తాకుచునే ఉండును.

కావున పెట్టె దించిననాడు తొందరపడరాదు. రికార్డులను ఎండకు పెట్టరాదు. వేసవిలో నల్లగొండ ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియసును దాటుట కలదు, ఎండలోని రేకుపెట్టె లోపల అంతకంటె చాల హెచ్చును, ఆ వేడికి వినైలు మెత్తబడి వంగును. దొంతరగ పేర్చక పుస్తకములవలె నిలువుగ నిలుపవలెను. ఏది లక్కదో, ఏది వినైలుదో వేరుచేయవలెను. ముల్లును సూక్ష్మదర్శినిలో చూచి, అవసరమైనచో క్రొత్తది తెప్పింపవలెను. రికార్డును, ముల్లును శుభ్రపరచి, మొదటిసారి పాడించునపుడే ఆ పాటను కంప్యూటరులోనికి ఎక్కించినచో, ఆపై ఎన్నిమార్లు విన్నను గాడికి అరుగుదల లేదు.

పగిలిన రికార్డులను, ముల్లు తాకరాని రికార్డులను వెలుతురుతో చదువు పద్ధతి కూడ నేడు కలదు. అమెరికాలోని లారెన్సు బర్క్లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, ఆయన సహచరులు 2000 దశకమున గాడిని ఫొటోలు తీసి, ఆ చిత్రములనుండి కంప్యూటరుద్వారా ధ్వనిని రాబట్టు పద్ధతిని రూపొందించిరి. కనుక పగిలినదని గాని, గీతలు పడినదని గాని ఏ పాత రికార్డును పారవేయరాదు. కాని అట్టి సాధనములు ఊరూర దొరకునవి కావు. నకిరేకల్ వంటి ఊరిలో, ఎర్రదుబ్బ రేగు ఇంటిలో, ఆ పాటకును దాని నాశమునకును నడుమ నిలిచి కాపాడునవి రెండే: ఒక మెత్తని కుంచె, దానిని వెనుకనుండి ముందుకు నడుపు ఓపికగల చేయి.